పవర్ నొక్కినా స్క్రీన్ నల్లగానే ఉందా?

కొత్త పీసీ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి.. స్క్రీన్ మాత్రం నల్లగానే! ఎస్‌ఎస్‌డీ స్లో అనుకుని కొత్తది కొనేయకండి. పీసీ ఆన్ అయ్యాక టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి ‘లాస్ట్ బయోస్ టైమ్’ చూడండి. అక్కడ 40, 50 సెకన్లు ఉంటే ఆలస్యం విండోస్‌ది కాదు, మదర్‌బోర్డుది.

రైజెన్ 7000 ప్రాసెసర్లు వాడే ఏఎమ్5 బోర్డుల్లో ఇది తరచూ కనిపించేదే. డీడీఆర్5 ర్యామ్‌కి ఏ టైమింగ్ సరిపోతుందో బోర్డు పరీక్షించుకుంటుంది. దీన్నే ‘మెమరీ ట్రైనింగ్’ అంటారు. తొలిసారి, ర్యామ్ మార్చినప్పుడు, బయోస్ అప్‌డేట్ చేశాక కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో స్విచ్ ఆపేస్తే కథ మళ్లీ మొదటికే!

రోజూ ఇదే తంతా? బయోస్ అప్‌డేట్ చేసి, ‘మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్’ ఆన్ చేయండి. బోర్డు పాత ట్రైనింగ్‌నే వాడుకుంటుంది, బూట్ త్వరగా అవుతుంది.

అయితే ఒక్క జాగ్రత్త. ఎక్స్‌పో పెట్టి ర్యామ్‌ని 6000కి తీసుకెళ్లడం కూడా ఓవర్‌క్లాకింగే. రైజెన్ 7000కి ఏఎమ్‌డీ చెప్పిన గరిష్ఠ వేగం రెండు స్టిక్కులకు 5200, నాలుగైతే 3600 మాత్రమే. అందుకే రెండు స్టిక్కులే కొని, ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టండి. రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వేగం తగ్గించాల్సిందే. ర్యామ్ తప్పు చేస్తే మీ ప్రాజెక్టు ఫైళ్లు, ఫొటోలు చెప్పాపెట్టకుండా పాడైపోతాయి.

అసలు ఆన్ కావడమే మానేసిందా? ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టండి. సెట్టింగ్స్ మొదటికొస్తాయి.

పది సెకన్లు ఆలస్యమైతే ఓపిక పట్టొచ్చు. పోయిన ఫైలు మాత్రం తిరిగి రాదు!