ఆ గంట టీచరమ్మకు తిరిగి ఇవ్వండి

పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పేవాళ్లకు ఇప్పుడు కరువు లేదు. ఫోను తెరిస్తే పేరెంటింగ్ కోచ్‌లు, నగరంలో హోటల్ హాళ్లలో వర్క్‌షాపులు, ప్లే స్కూళ్లలో ఓరియెంటేషన్లు. ఫీజు కట్టగలిగిన ఇంటికి సలహాలు వాటంతటవే వచ్చిపడతాయి. మిగతా ఇళ్లకు చెప్పేది ఎవరు? ఊళ్లో చాప పరిచి, చంకన బిడ్డనెత్తుకుని వచ్చిన పదిమంది తల్లుల్ని కూర్చోబెట్టి, ఏం తినిపించాలో, బిడ్డతో ఎలా మాట్లాడాలో చెప్పే అంగన్‌వాడీ టీచర్. దాదాపు పద్నాలుగు లక్షల కేంద్రాలున్న ఈ వ్యవస్థను మించిన తల్లిదండ్రుల బడి మన దేశంలో మరొకటి లేదు. ఆ బడిలో పాఠం చెప్పే మనిషి చేతులు కట్టేసి, పిల్లలు ఎదగడం లేదేమిటని ఆమెనే నిలదీస్తున్నాం. నా కోపమంతా దీని మీదే.

తల్లులకు చెప్పడం ఆమెకు నిన్న మొన్న అంటగట్టిన పని కాదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైన రోజే ఆరు సేవలు రాసుకున్నారు. పిల్లలకు అదనపు పోషకాహారం, టీకాలు, పూర్వ ప్రాథమిక విద్య వగైరాలతో పాటు, 15 నుంచి 45 ఏళ్ల స్త్రీలకు పోషకాహార, ఆరోగ్య విద్య అన్నది అందులో ఒకటి. మిగతా ఐదింటికీ రిజిస్టరో, స్టాకో, లెక్కో ఉంది. ఈ ఒక్కదానికి ఫొటో చాలు. తల్లుల సమావేశం పెట్టినట్టు ఫొటో పైకి వెళ్తే ఆ నెల పని అయిపోయినట్టే. సమీక్షలో గుడ్లెన్ని వచ్చాయని అడుగుతారు, ఎత్తు బరువుల ఎంట్రీ ఎంత శాతం పూర్తయిందని అడుగుతారు. తల్లులు ఈ నెల నిన్ను ఏం అడిగారమ్మా అని అడిగే అధికారి ఎక్కడున్నాడు?

ఒక కేంద్రంలో నేను చూసింది చెబుతాను. అది పసిపిల్లలకు పోషకాహారపు పొడి, బాలామృతం, ఇచ్చే రోజు. వరసలో తల్లులు నిలబడి ఉన్నారు. టీచర్ ఒక్కొక్కరి ముఖానికి ఫోను పట్టి, "ఇటు చూడమ్మా, కళ్లు ఆర్పు, ఇంకోసారి" అంటోంది. ఒకామె వంతు వచ్చింది. ముఖం ఇంకా సరిపోలలేదు. ఆ సందులో ఆమె గొంతు తగ్గించి అడిగింది. "టీచరమ్మా, మావాడికి రెండేళ్లు దాటాయి. అమ్మ అనడం తప్ప ఒక్క మాటా రాలేదు. మగపిల్లలకు ఆలస్యమేలే అంటోంది మా అత్త. నాకు భయంగా ఉంది." టీచర్ చటుక్కున తలెత్తింది. "పిలిస్తే పలుకుతాడా? ఫోను బాగా చూపిస్తున్నావా?" "అది పెట్టకపోతే ముద్ద దిగదు టీచరమ్మా." ఇంతలో ఓటీపీ గడువు దాటిపోయింది. మళ్లీ పంపాలి. వెనక నుంచి మరో తల్లి, కూలికి పొద్దుపోతోంది త్వరగా కానీయమని కేకేసింది. "ఉండమ్మా, తర్వాత చెప్తా" అంది టీచర్. ఆ తల్లి ప్యాకెట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

పెంపకం క్లాసంటే అసలు ఆ ప్రశ్నే. రెండేళ్లు దాటినా మాటలు రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పిల్లల్లో ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకుని వైద్యానికి పంపడానికే అది పుట్టింది. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. తెర తీసేశాక ఆ తల్లి ముద్ద ఎలా తినిపించాలి, వంట చేసుకుంటూ బిడ్డతో ఏం మాట్లాడాలి, అత్తగారిని ఎలా ఒప్పించాలి? ఇదంతా తెలుగులో, ఒక్క కాగితం మీద, ఆ టీచర్ చేతిలో ఉండాల్సింది. ఆ ఊరి బిడ్డను ఏ రోజున, ఏ ఆసుపత్రిలో, ఎవరి దగ్గరికి పంపాలో కూడా అందులో ఉండాలి. ఆరోజు ఆమె చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. దాంట్లో ఈ సంగతి ఒక్కటీ లేదు.

ఫోను సంగతి తేల్చేద్దాం. అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది. ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు 2025 జులై నుంచి తప్పనిసరి అయింది. సరుకు పక్కదారి పట్టకుండా ఆపాలంటారు. ఆపండి, ఎవరొద్దన్నారు? పసిపిల్లల నోటి దగ్గర తిండి కాజేసేవాణ్ని జైల్లో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆ కాపలా పనికి పాఠం చెప్పే మనిషినే ఎందుకు నిలబెట్టారన్నది నా ప్రశ్న. సర్వర్ రాక, ముఖం కలవక, ఆధార్‌కున్న నంబరు భర్తతో పాటు వలస పోయి, ఆమె ఎదురుచూసే ప్రతి పది నిమిషాలూ తల్లులతో మాట్లాడాల్సిన పది నిమిషాలే. పైగా ఓటర్ల జాబితా పనీ ఆమెదే, రకరకాల సర్వేలూ ఆమెవే.

అలాగని పుస్తకాలు తయారు కాలేదా అంటే అయ్యాయి. 2024లో కేంద్రం నవచేతన విడుదల చేసింది. పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు, 36 నెలల క్యాలెండర్, బిడ్డతో ఇంట్లో ఆడించదగ్గ 140 పనులు. రాసినవాళ్లకు దండం పెడతాను. నిజంగా మంచి సరుకు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఆధారశిల కూడా వచ్చింది. ఈ రెండూ నేర్పడానికి టీచర్‌కు ఇచ్చే శిక్షణ మూడు రోజులు! చదువు రాని తల్లితో, నోరు మెదపని తల్లితో, బిడ్డను కొట్టకపోతే చెడిపోతాడని నమ్మే నాయనమ్మతో ఎలా మాట్లాడాలో మూడు రోజుల్లో ఎవరికి వస్తుంది? అది చేస్తూ, తప్పుతూ, పక్కనుండి ఎవరైనా దిద్దుతుంటే వచ్చే విద్య.

ఇది నా ఊహ కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1980ల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లల మీద ఒక అధ్యయనం చేసింది. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చేసి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లలు అలాంటి సాయం అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. మన పక్కనున్న ఒడిశా పల్లెల్లోనూ ఇదే పద్ధతిని పరీక్షించారు. ఇంటింటికీ వెళ్లినా, తల్లుల్ని గుంపుగా కూర్చోబెట్టి చెప్పినా పిల్లలకు మేలు జరిగింది. గుంపుగా చెబితే ఖర్చు బాగా తగ్గింది. అయితే అక్కడ చెప్పేవాళ్లకు వారం వారం ఏం చెప్పాలో రాసిన పాఠం ఉంది, బొమ్మలున్నాయి, పక్కన కూర్చుని సరిదిద్దే పెద్ద దిక్కుంది. వాళ్లను ఓటీపీల చుట్టూ ఎవరూ తిప్పలేదు.

మన టీచర్‌కు ఏమిస్తున్నాం? 2018లో కేంద్రం ఖాయం చేసిన గౌరవ వేతనం నెలకు 4,500 రూపాయలు. రాష్ట్రాలు తమ వాటా కలిపితే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 11,500, తెలంగాణలో 2021లో 13,650 అయింది. ఆమె పనిచేస్తుంది కానీ జీతగత్తె కాదట, గౌరవం పుచ్చుకునే స్వచ్ఛంద కార్యకర్తట. గ్రాట్యుటీ ఆమె హక్కని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సి వచ్చింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. జనవరి 6న వాళ్ల మీద ఎస్మా పెట్టారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. సమ్మె ఆపించడానికి ఆమె పని అత్యవసరమైంది. మరి జీతం ఖాయం చేసేటప్పుడు అదే పని స్వచ్ఛంద సేవ ఎలా అవుతుంది? ఏలినవాళ్లు దీనికి సూటిగా జవాబు చెప్పాలి.

ఇంకో మాట. ఉట్నూరు పక్క గోండు గూడేల్లో, పాడేరు కొండల్లో తల్లులకు పుస్తకాల తెలుగు అంతంత మాత్రమే. అక్కడ టీచర్ ముందు తన భాషలోకి మార్చుకుని, ఆ తర్వాత చెప్పాలి. ఆ శ్రమకు పేరూ లేదు, పైసా లేదు. తండ్రుల మాట ఎత్తనే అక్కర్లేదు. సమావేశం పెట్టేది పగటిపూట, పిలిచేది తల్లుల్ని. తండ్రిని కూర్చోబెట్టి చెప్పమని ఆమెకు వేళా ఇవ్వలేదు, పాఠమూ ఇవ్వలేదు.

నేను కోరేది కొత్త పథకం కాదు. ముఖాలు, ఓటీపీల పనికి వేరే మనిషిని పెట్టండి. పిల్లల పెంపకంలో కొత్తగా తెలిసినదేమిటో, పాతదానిలో తప్పేమిటో నెలకొక్క కాగితం తెలుగులో, గోండిలో, కోయలో, సవరలో టీచర్ చేతికి అందించండి. బాగా చెప్పే టీచర్ దగ్గరికి మిగతా వాళ్లను పంపి, ఒక పూట కూర్చుని వినే వీలు కల్పించండి; ఆ రోజు బస్సు చార్జీ కూడా ఇవ్వండి.

వీటన్నిటికంటే ముందు, అంగన్‌వాడీల పని చూసే సీడీపీఓలూ, సూపర్‌వైజర్లూ, వచ్చే సెక్టార్ మీటింగ్‌లో మొదటి గంట ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించండి. ఈ నెల తల్లులు మిమ్మల్ని ఏం అడిగారు, అందులో మీరు జవాబు చెప్పలేకపోయినది ఏది అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి. రెండేళ్లు దాటినా మాటలు రాని బిడ్డ సంగతి అక్కడ తప్పకుండా వస్తుంది. డాక్టర్లను అడుగుతారో, యూనివర్సిటీ వాళ్లను అడుగుతారో మీ ఇష్టం, ఆ పై మీటింగ్‌లోగా ప్రతి ప్రశ్నకూ జవాబు రాతలో ఆ టీచర్‌కు చేరాలి. చేరకపోతే ఆ నెల మెమో మీకు రావాలి.