అక్కా, దూడ చెవి యాడికి పోయింది?

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. సీఎస్ఈ సెకండియర్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం కూడా ఇదే మొదలు. కెమెరా పట్టుకుని ఏడాదిన్నర అయింది. అది కూడా మా మామయ్య వాడి పక్కన పడేసిన పాత డీఎస్ఎల్ఆర్. అయినా పోయిన ఎండాకాలం సెలవుల్లో పుంగనూరులో మా వీధి పిల్లలు పదకొండు మందికి మూడు వారాలు ఫోటోగ్రఫీ నేర్పించాను.

ఈ సంగతి కాలేజీలో చెబితే ఒక సీనియర్ అన్నాడు, "నీకే సరిగ్గా రాదు, నువ్వు నేర్పేదేంటి?" అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. కానీ రూముకొచ్చాక ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. అందుకే ఇక్కడ జవాబు రాస్తున్నా. సగం నేర్చుకున్నవాళ్ళు కూడా నేర్పొచ్చు, నేర్పాలి. కానీ ఒక్క విషయంలో మాత్రం "నేనూ నేర్చుకుంటున్నా కదా" అనే సాకు పనికిరాదు. ఆ ఒక్కటీ నేను తప్పు చేసి తెలుసుకున్నా.

పదకొండు మంది పిల్లలకి ఉన్నవి నాలుగు ఫోన్లు. అవి కూడా వాళ్ళ నాయనలవి. సాయంత్రం పనుల నుంచి వాళ్ళు ఇంటికొచ్చాకే ఫోన్ చేతికొచ్చేది. అందుకని క్లాసు ఐదున్నరకి పెట్టాల్సి వచ్చింది. ఫోటోగ్రాఫర్లు గొప్పగా చెప్పుకునే గోల్డెన్ అవర్ మాకు అట్లా ఫ్రీగా దొరికింది.

మొదటి రోజు నేను యూట్యూబ్‌లో విన్నదంతా అప్పజెప్పాను. అపర్చర్, షటర్ స్పీడ్, ఐఎస్ఓ. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు దూరే కంత, దాన్ని పెద్దది చేస్తే వెనకంతా మసకగా వస్తుంది, చిన్నది చేస్తే అంతా స్పష్టంగా వస్తుంది అన్నా. ఏడో తరగతి పిల్లాడు ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ కంత యాడ తిప్పాలక్కా?" అన్నాడు. నేనూ వెతికా. సెట్టింగ్స్‌లో లేదు. "రేపు చెప్తా" అని తప్పించుకున్నా.

ఆ రాత్రి చదివితే తెలిసింది, చాలా ఫోన్ కెమెరాల్లో ఆ కంత తిరగదు. ఫ్యాక్టరీలో ఎంత పెట్టారో అంతే. లేని దాని గురించి గంట సేపు పాఠం చెప్పానన్నమాట. మర్నాడు పిల్లల ముందు, "నిన్న నేను చెప్పింది పెద్ద కెమెరాలకి. మీ ఫోన్లకి కాదు. నాకు తెలీక చెప్పా" అన్నాను. గొంతు ఎండిపోయింది ఆ మాట అనడానికి. పిల్లలు మాత్రం ఏమీ అనుకోలేదు. "సరేలేక్కా, మరి వెనకాల మసక ఎట్లా వస్తుంది?" అని అడిగారు.

దానికి జవాబు నాలుగో రోజు ఒక దూడ చెప్పింది. పుంగనూరు అనగానే మీకు మూడడుగుల లోపు ఎత్తుండే పొట్టి ఆవు గుర్తొస్తుంది. మా ఊరి పేరున్న ఆ ఆవులు మా ఊళ్ళోనే అరుదు, ఆ జాతిని కాపాడే పని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో జరుగుతోంది. ఈ దూడ మామూలు జెర్సీది. ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళ కొట్టంలో దాన్ని పోర్ట్రెయిట్ మోడ్‌లో తీసింది. మొహం బాగొచ్చింది. కానీ ఎడమ చెవి సగం మాయం, గోడలో కలిసిపోయింది. "అక్కా, దూడ చెవి యాడికి పోయింది? నేనేం జెయ్యలా, ఫోనే తినేసింది" అంది.

ఆ చెవి కోసం నేను రెండు రాత్రులు కూర్చున్నా. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లో మసక ఎక్కువగా లెన్స్ వల్ల వచ్చేది కాదు, సాఫ్ట్‌వేర్ వేసేది. ఏది దగ్గర, ఏది దూరం అని ప్రోగ్రామ్ అంచనా కట్టి, దూరం అనుకున్నదాన్ని చెరిపినట్టు మసక చేస్తుంది. చెవి సన్నగా ఉండి గోడ రంగులోనే ఉంటే, అది గోడే అనుకుంటుంది. ఇదంతా మా బ్రాంచి సబ్జెక్టే! ఇమేజ్ ప్రాసెసింగ్ అంటే పరీక్షకి చదివే యూనిట్ అనుకుంటూ ఉన్నదాన్ని, పదమూడేళ్ళ అమ్మాయి అడిగితే తప్ప దాని అవసరం తెలిసిరాలేదు. బాగా వచ్చినవాళ్ళని అడిగి ఉంటే "పోర్ట్రెయిట్ మోడ్ వాడకు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళేమో. నాకు తెలీదు కాబట్టి ఇద్దరం కలిసి వెతికాం. తెల్ల గోడ ముందు, నల్ల గోడ ముందు, ఖాళీ పొలంలో తీసి చూశాం. పొలంలో చెవి దొరికింది.

ఇంకోటి, భాష. "ఎక్స్‌పోజర్" అనే మాట నేను ఏడాదిన్నరగా వాడుతున్నా. తెలుగులో చెప్పమంటే నోరు రాలేదు. చివరికి కొళాయి కింద బిందె అన్నాను. కొళాయి ఎంత తిప్పావు, ఎంత సేపు ఉంచావు, రెండూ కలిస్తే బిందె నిండుతుంది. పొంగితే ఫోటో తెల్లగా పాలిపోతుంది, సగమే నిండితే నల్లగా వస్తుంది. నీళ్ళ కోసం వీధిలో వరస కట్టే పిల్లలకి ఇది మళ్ళీ చెప్పే పని పడలేదు. నాకు కూడా ఆ రోజే నిజంగా అర్థమైంది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మన మదనపల్లె పక్కనే రిషి వ్యాలీ ఉంది. అక్కడి పల్లె బడుల కోసం తయారు చేసిన "స్కూల్ ఇన్ ఎ బాక్స్"లో పాఠాలన్నీ కార్డులుగా, మెట్లుగా ఉంటాయి. వేరే వేరే తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, ఎవరి మెట్టు వాళ్ళు ఎక్కుతూ, పక్కవాళ్ళకి సాయం చేస్తూ నేర్చుకుంటారు. ఈ పద్ధతి చూసి వేరే రాష్ట్రాలు కూడా తీసుకెళ్ళాయి. ఒక మెట్టు పైనున్న పిల్ల కింది మెట్టు పిల్లాడికి చెప్పగలిగినప్పుడు, ఏడాదిన్నర ముందున్న నేను ఎందుకు చెప్పకూడదు? పైగా ఆ మెట్టు దగ్గర కాలు ఎక్కడ జారుతుందో నాకింకా గుర్తుంది.

"క్వాలిఫికేషన్" అనేవాళ్ళకి ఇంకో పేరు చెప్తా. రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన చదివింది మనలాగే ఇంజనీరింగ్, రూర్కీలోని థామసన్ కాలేజీలో, అంటే ఇప్పటి ఐఐటీ. 1866లో ఇండోర్‌లో సర్కారు ఉద్యోగంలో చేరి, ఉద్యోగం చేస్తూనే 1870ల్లో కెమెరా పట్టుకున్నాడు.

ఇక్కడిదాకా చదివి "భలే చేశావ్" అనుకోకండి. అసలు సంగతి ఇప్పుడు రాస్తా.

రెండో వారం నలుగురు పిల్లల్ని, తోడుగా ఒకళ్ళ అమ్మని తీసుకుని పొద్దున్నే మదనపల్లె టమాటా మార్కెట్‌కి వచ్చాం. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు టీవీల్లో ఊదరగొట్టిన మార్కెట్టే. మేం వెళ్ళిన రోజు రేటు లేదు. ఒక పెద్దాయన బోర్లించిన క్రేటు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఏడో తరగతి పిల్లాడి చెవిలో, "దగ్గరికి పోవద్దు, ఆయనకి తెలిస్తే మొహం మారిపోతుంది. ఇక్కడ్నుంచే జూమ్ చేసి తీయ్. ఎమోషన్ బాగుంది" అన్నా.

ఫోటో నిజంగానే బాగొచ్చింది. నేనది నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టా, కింద ఇంగ్లిష్‌లో ఒక బరువైన క్యాప్షన్‌తో. బస్సు ఎక్కేలోపే బోలెడు మంది మెచ్చుకున్నారు.

బస్సులో దూడ ఫోటో తీసిన అమ్మాయి నా పక్కన కూర్చుంది. చాలా సేపు మాట్లాడలేదు. పుంగనూరు దగ్గర పడ్డాక, "మా నాయన కూడా పోయిన నెల ఆ మండీ కాడ అట్లే కూర్చోనుండాడక్కా. ఎవరన్నా తీసింటే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. స్టేటస్ తీసేశా. మర్నాడు ఆ పిల్లాణ్ణి ఫోటో డిలీట్ చెయ్యమంటే, "బాగొచ్చింది అన్నావు కదక్కా?" అన్నాడు. వాడి తప్పేముంది? అడక్కుండా, కనబడకుండా, ఎదుటి మనిషి కష్టాన్ని దొంగిలించి తీస్తే మెచ్చుకుంటారని నేర్పింది నేనే. అపర్చర్ గురించి తప్పు చెప్తే ఒక్క రాత్రిలో దిద్దుకున్నా. ఇది దిద్దడానికి మిగిలిన రోజులన్నీ పట్టాయి.

ఆరితేరినవాళ్ళకి కూడా ఇది సులువు కాదు. కలకత్తా సోనాగచ్చిలో పిల్లలకి కెమెరాలిచ్చి ఫోటోగ్రఫీ నేర్పింది జానా బ్రిస్కీ. ఆ కథతో వచ్చిన "బార్న్ ఇంటు బ్రాథెల్స్" డాక్యుమెంటరీకి 2005లో ఆస్కార్ వచ్చింది. ఆ పిల్లల తల్లుల్ని చూపించిన తీరు మీద, వాళ్ళ ఒప్పుదల మీద విమర్శలూ వచ్చాయి.

ఆ తర్వాత మా క్లాసులో పద్ధతి మార్చాం. మనిషిని తీయాలంటే ముందు అడగాలి. తీశాక చూపించాలి. వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చెయ్యాలి. సరే అంటే ఒక ప్రింటు వాళ్ళకివ్వాలి. ప్రింట్ల డబ్బులు నా పాకెట్ మనీ. దూడ అమ్మాయి వాళ్ళ నాయనని తీసింది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఆ రోజు మార్కెట్లో నేను వెతికిన "ఎమోషన్" అందులో ఏమీ లేదు. ఆ ప్రింటు ఇప్పుడు వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది.

ప్రింటు సంగతి మా అమ్మకి చెబితే, "మా కుప్పంలో ఆడవాళ్ళు ఎప్పుడో చేశారు ఈ పని" అంది. మా అమ్మ పెరిగింది అక్కడే. వెతికి చదివితే నిజమే. 2002లో హెచ్‌పీ కంపెనీ అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో "ఐ-కమ్యూనిటీ" అనే ప్రాజెక్టు పెట్టింది. అందులో భాగంగా పొదుపు సంఘాల ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సోలార్‌తో చార్జయ్యే బ్యాటరీ ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పారు. వాళ్ళు ఊళ్ళల్లో తిరిగి గుర్తింపు కార్డులకీ, శుభకార్యాలకీ ఫోటోలు తీసి అక్కడే ప్రింటు చేతికిచ్చి సంపాదించుకున్నారు. ఏళ్ళ తరబడి నేర్చుకుని దిగినవాళ్ళు కాదు, పనిలోనే చెయ్యి తిరిగింది. కానీ వాళ్ళ ఫోటో బాగుందో లేదో చెప్పేది లైకులు కాదు, ఫోటోలో ఉన్న మనిషే. ఎదురుగా నిలబడి చెప్పేస్తాడు. నేర్చుకుంటున్నవాళ్ళకి అంతకంటే మంచి పరీక్ష నాకు తెలీదు.

కాబట్టి సీనియర్ గారూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. సెట్టింగ్స్ తెలీకపోతే తెలీదని చెప్పి పిల్లలతో కలిసి నేర్చుకోవచ్చు. అక్కడ తప్పు జరిగితే పోయేది ఒక దూడ చెవి. మనుషుల విషయంలో మాత్రం మన ప్రాక్టీసుకి ఇంకొకరి మొహం వాడుకునే హక్కు లేదు. అది ముందే తేల్చుకుని క్లాసుకి వెళ్ళాలి.

మన ఫోటోగ్రఫీ క్లబ్బుకి నాదొక అభ్యర్థన. ఫెస్టులకీ, ఫ్రెషర్స్ డేకీ తీసే ఫోటోలు ఎట్లాగూ తీస్తాం. వచ్చే సెలవుల్లో ఒక్కొక్కరం మన మన ఊళ్ళల్లో నలుగురు పిల్లల్ని పోగేసి కూర్చుందాం. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మీకొచ్చిన ఐదు సంగతులు చాలు, ఆరోది వాళ్ళు అడుగుతారు.

నన్ను ఇప్పటికే అడిగారు. చివరి రోజు చీకటి పడ్డాక ఆ ఏడో తరగతి పిల్లాడు ఫోన్ చూపించి, "కంటికి చందమామలో మచ్చ కనబడతాండాది, ఫోన్లో తెల్ల చుక్కే వస్తాండాది, యాలక్కా?" అన్నాడు. బిందె పొంగిందిరా అన్నా. "మరి పొంగకుండా పట్టేది ఎట్లా?" అన్నాడు. దసరా సెలవులకి వచ్చి చూపిస్తానని మాటిచ్చా. ప్రస్తుతం హాస్టల్ మేడ మీద రోజూ ప్రాక్టీసు చేస్తున్నా. ఇంకా తెల్లగానే వస్తోంది.