ఇంటిమీది యెండ

ఎండచేత పని చేయించుకొనదలచిన గృహిణి మొదట కొలువవలసినది ధర గాదు, నీడ. ఈ మాట మేము కొంత సొమ్ము పోగొట్టుకొని నేర్చితిమి.

మా మేడకు దక్షిణమున అత్తగారు నాటిన వేపచెట్టు కలదు. వేసవిలో దాని నీడ మేడమీదికి రాలేదు. ఆ ధైర్యముతో నచ్చటనే 100 లీటర్ల సోలారు హీటరు పెట్టించితిమి. మార్గశిరము రాగానే సూర్యుడు దక్షిణమునకు వాలెను. నీడ సాగి గాజుగొట్టములపై బడెను. వేడినీరు మిక్కిలి యవసరమైన దినములలోనే నీరు గోరువెచ్చనై యుండెను. చెట్టు కొట్టింతమని మావారనిరి. అత్తగారేమియు ననలేదు, రెండుపూటలు అన్నము ముట్టలేదు. హీటరునే తూర్పుమూలకు మార్పించితిమి. చెట్టు నిలిచినది, నీరును కాగుచున్నది.

కావున మార్గశిర పుష్యమాసములలో ఉదయము తొమ్మిది మొదలు మూడు గంటలవరకు నీడ యెక్కడ బడునో సుద్దతో గీసికొనుడు. విద్యుత్తు కోరువారికి కిలోవాటు కొకటికి రమారమి 100 చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. ఫలకములు దక్షిణముఖముగా నుండవలెను. దినమునకు సుమారు 4 యూనిట్లు వచ్చును. 2024లో వెలువడిన పి.ఎం. సూర్యఘర్ పథకమున 2 కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000 రూపాయల సాయము నిర్ణయించిరి. బ్యాటరీ లేనిచో, వీధిలో కరెంటు పోయినపుడు మన ఫలకములును ఆగిపోవును. తీగలపై పనిచేయువారికి ప్రాణాపాయము కలుగకుండుటకే యీ యేర్పాటు.

ముందు నీడను చూడుడు, సొమ్ము పిమ్మట.