వేటాడే చేప ఇంటికొస్తే... సరదా కాదు, బాధ్యత

అందమైనది కనబడితే ఇంటికి తెచ్చుకోవాలనిపించడం మనిషికి సహజం. పువ్వు కనబడితే కోస్తాం. రంగుల చేప కనబడితే గాజు తొట్టెలో వేస్తాం. ఒకప్పుడు ముందుగదిలో నాలుగు గోల్డ్ ఫిష్‌లు తిరుగుతుంటే అదే గొప్ప. ఇప్పుడు నగరాల్లో ఉప్పునీటి అక్వేరియంల మోజు వచ్చింది. అందులో కళ్ళు తిప్పుకోనివ్వని చేప లయన్ ఫిష్. ఎర్రటి ఒంటిమీద తెల్లటి చారలు, సింహం జూలులా విచ్చుకునే రెక్కలు, ఏ తొందరా లేని రాజసం. చూడముచ్చటైన చేపే! కానీ అది వేటాడి బ్రతికే చేప. అలాంటి చేపను ఇంట్లో పెంచడం మీద హాస్టల్ విద్యార్థులుగా మా అభిప్రాయాన్ని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మీ ముందు పెడుతున్నాం.

హాస్టల్ పిల్లలకు లయన్ ఫిష్ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. దానికి కారణం ఉంది. ఈ హాస్టల్లో చదివి, ఉద్యోగం సంపాదించుకుని నగరంలో స్థిరపడిన ఒక అన్న, తన ఇంట్లోని లయన్ ఫిష్‌ను తొట్టెతో సహా హాస్టల్‌కు బహూకరిస్తానని కబురు పంపారు. ఎందుకిస్తున్నారో కూడా దాచలేదు. తెచ్చినప్పుడు బొటనవేలంత ఉన్న చేప ఇప్పుడు జానెడు దాటింది. తొట్టెలోని చిన్న చేపల్ని ఒక్కొక్కటిగా మింగేసింది. ఇంట్లో పాప నడక నేర్చి తొట్టె దగ్గరికి వెళుతోంది. ఆ అన్న మంచి మనసును మేం శంకించడం లేదు. స్టడీ అవర్ అయ్యాక చాలా రాత్రులు దీని గురించే మాట్లాడుకున్నాం. "రేకు పెట్టెలు తప్ప ఇంకేమీ లేని మన గదుల్లో ఒక అందమైన వస్తువు ఉండకూడదా?" అని కొందరన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అయినా చివరికి వద్దనే నిర్ణయానికి వచ్చాం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ చేప గురించి చెప్పాలి.

లయన్ ఫిష్ సొంత ఊరు హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రం. మన దేశంలో మన్నార్ సింధుశాఖలోనూ, లక్షద్వీప్, అండమాన్ దీవుల పగడపు దిబ్బల్లోనూ కనిపిస్తుంది. వీపు మీద 13, పొట్ట కింద 2, తోక దగ్గర కింది రెక్కలో 3, మొత్తం 18 విషపు ముళ్ళుంటాయి. ఈ ముళ్ళు వేటకు కాదు, ఆత్మరక్షణకు. వేటకు దాని ఆయుధం నోరే. పెద్ద రెక్కలు చాచి చిన్న చేపను ఒక మూలకు తోస్తుంది. ఒక్కోసారి దాని ముఖం మీదకు నీళ్ళు చిమ్ముతుంది. ఆ చేప ఇటు తిరగగానే గుటుక్కుమనిపిస్తుంది. నమలడం, చీల్చడం లేదు. నోట్లో పట్టే ప్రతి ప్రాణీ దానికి ఆహారమే.

దీన్ని మేం చెడ్డ చేప అనడం లేదు. పులి గడ్డి తినదు, లయన్ ఫిష్ నాచు తినదు. పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని పెద్దలు మత్స్యన్యాయం అన్నారు. అయితే సముద్రంలో ఆ న్యాయానికి కూడా ఒక హద్దుంది. అక్కడ చిన్న చేపకు దాక్కోవడానికి రాళ్ళున్నాయి, పారిపోవడానికి దారి ఉంది. గాజు తొట్టెలో ఆ రెండూ లేవు. నాలుగు గోడల మధ్య బలవంతుణ్ణీ బలహీనుణ్ణీ కలిపి పెట్టి, బలవంతుడు మింగేశాడని ఆశ్చర్యపోవడం ఏం న్యాయం? ఆ తప్పు చేపది కాదు, తొట్టె ఏర్పాటు చేసినవాళ్ళది.

ఇక పెంపకం సంగతి. లయన్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. పదేళ్ళకు పైగా బ్రతకగలదు. దానికి కనీసం నాలుగైదు వందల లీటర్ల తొట్టె ఉండాలంటారు. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. అది వంట ఉప్పు కాదు, సముద్రపు నీటిలో ఉండే మెగ్నీషియం, కాల్షియం వంటివన్నీ కలిసిన ప్రత్యేకమైన ఉప్పు. తొట్టెలో నీళ్ళు ఆవిరైపోతాయి గాని ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గిన మేరకు మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పదనం రోజురోజుకూ పెరిగిపోతుంది. మంచినీళ్ళే పోయాలి. సైన్సు పాఠంలో మనం చదువుకున్నదే ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది.

చేప విసర్జించే వ్యర్థం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ రోజు తొట్టె కొని ఈ రోజే చేపను వేస్తే చంపడానికి తెచ్చుకున్నట్లే. పైగా వేటాడే చేప తినేదంతా మాంసం, దాని వ్యర్థమూ ఎక్కువే. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది.

మేత విషయంలో మరో పొరపాటు జరుగుతుంటుంది. బ్రతికున్న గప్పీలనో, గోల్డ్ ఫిష్‌లనో తొట్టెలో వేసి, వేటను చుట్టాలకు చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణ సంకటం అంటే ఇదే. అంతకన్నా విచిత్రమేమంటే ఇది లయన్ ఫిష్‌కు కూడా మేలు చేయదు. మంచినీటి చేపల్లోని కొవ్వు సముద్రపు చేప ఒంటికి సరిపడదు. అదే పనిగా పెడితే కాలేయం చెడుతుంది. ఐస్‌లో పెట్టిన రొయ్య ముక్కలు, సముద్రపు చేప ముక్కలు పొడవాటి పట్టకారుతో అందించి ఓపికగా అలవాటు చేయాలి. అదీ రోజూ పొట్ట పగిలేలా కాదు. అడిగినంతా పెడితే లయన్ ఫిష్‌కు కూడా ఒళ్ళు వస్తుంది, జబ్బు వస్తుంది.

ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ప్రాణం పోవడం చాలా అరుదు. ఆ విషం వేడికి విరుగుతుంది కాబట్టి, చర్మం కాలని వేడినీళ్ళలో చెయ్యి ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇది పెంచే ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

ఇంత చాకిరీ చేయలేనివాళ్ళు ఏం చేస్తారు? ఇక్కడే అసలు ప్రమాదం. "పాపం, సముద్రపు చేపే కదా, సముద్రంలోనే వదిలేద్దాం" అనుకుంటారు. ఆ జాలి ఎంత పని చేసిందో అట్లాంటిక్ మహాసముద్రాన్ని అడగాలి. ఆ సముద్రానికి లయన్ ఫిష్ పరాయి చేప. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన డానియా బీచ్ దగ్గర మొదటిసారి కనబడింది. ఇళ్ళల్లో పెంచి వదిలేసినవాటి వల్లే ఇది జరిగిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. 1992లో ఆండ్రూ తుఫానుకు ఒక అక్వేరియం పగిలి ఆరు చేపలు సముద్రంలో పడ్డాయని, అంతా దానివల్లేనని చాలాకాలం చెప్పుకున్నారు. తుఫానుకు ఏడేళ్ళ ముందే కనబడిన చేపకు తుఫాను ఎలా కారణమవుతుంది? మనుషులు చేసిన పనిని గాలి మీదకు నెట్టడం తేలిక, అంతే.

2004 నాటికి ఆ చేప బహామాస్ చేరింది. 2010 నాటికి కరీబియన్ సముద్రమంతా, గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా వ్యాపించింది. ఒక్క ఆడ చేప ఏడాదికి 20 లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. అక్కడి చిన్న చేపలకు ఇది శత్రువని తెలియదు, పెద్ద చేపలకు ఇది ఆహారమని తెలియదు. బహామాస్‌లో చేసి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక చిన్న పగడపు దిబ్బ మీద ఒక్క లయన్ ఫిష్ ఉంటే చాలు, అయిదు వారాల్లో అక్కడ కొత్తగా చేరే పిల్ల చేపలు సగటున 79 శాతం తగ్గిపోయాయని తేలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు ఫ్లోరిడా ప్రభుత్వం 2014లో బ్రతికున్న లయన్ ఫిష్ దిగుమతిని నిషేధించింది. ఇప్పుడు అక్కడ పోటీలు పెట్టి మరీ ఈటెలతో పట్టిస్తున్నారు. దాని మాంసంలో విషం లేదు గనుక వండుకుని తినమని ప్రచారం చేస్తున్నారు. తొట్టె కొన్నవాడు హాయిగానే ఉన్నాడు. నష్టపోయింది ఆ దిబ్బల మీద ఆధారపడి బ్రతికే బెస్తలు.

లయన్ ఫిష్ మన సముద్రపు చేపే కదా, మనకేం భయమని అనవచ్చు. నిజమే, బంగాళాఖాతంలో అది పరాయిది కాదు. కానీ తొట్టెలో పట్టిన రోగాలు దానితోపాటు సముద్రంలోకి వెళతాయి. ఇక పరాయి చేప కథ మనకు కొత్తదా? అక్వేరియం గాజు శుభ్రం చేస్తుందని కొన్న దక్షిణ అమెరికా సక్కర్ ఫిష్‌ను మనవాళ్ళు చెరువుల్లో, కాలువల్లో వదిలారు. ఈరోజు పత్రికలు డెవిల్ ఫిష్ అని రాస్తున్నది దాని గురించే. ఒంటి నిండా కవచం, గట్టి ముళ్ళు. వలలో పడితే వల చిరుగుతుంది, సంతలో పెడితే కొనేవాడుండడు. మా హాస్టల్లో చేపల వేట మీద బ్రతికే ఇళ్ళ పిల్లలున్నారు. చిరిగిన వల అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక హాస్టల్ సంగతి. మూడో తరగతి తమ్ముళ్ళ నుంచి పదో తరగతి వరకు ఇక్కడున్నాం. విషపు ముళ్ళ చేప పక్కన పసిపిల్లల్ని పెట్టి రోజంతా కాపలా ఎవరు కాస్తారు? కరెంటు పోయినప్పుడు తొట్టెను ఎవరు చూస్తారు? వేసవి సెలవులకు హాస్టల్ తాళం పడితే ఆ చేప గతేమిటి? వంటమనిషికీ, కామాటికీ, వాచ్‌మన్‌కూ ఉన్న పనే చాలు. రొయ్య ముక్కల ఖర్చు ఏ పద్దులో రాయాలని వార్డెన్ సారు అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఒక ఇంట్లో మోయలేని బరువును ఇంకొక చోటికి మార్చితే అది బహుమతి కాదు. అందుకే ఆ అన్నకు నమస్కరించి వద్దంటున్నాం. చేపను సముద్రంలో మాత్రం వదలవద్దని, కొన్న దుకాణంలోనో, పెద్ద తొట్టె, అనుభవం ఉన్న పెంపకందారుకో అప్పగించమని కోరుతున్నాం.

"కష్టపడి చదివి పైకి వచ్చాం, మా డబ్బుతో మాకిష్టమైనది కొనుక్కుంటే తప్పా?" అని మన పూర్వ విద్యార్థులు అడగవచ్చు. తప్పు కాదు. అందాన్ని కోరుకునే హక్కు పెద్దింటివాళ్ళది మాత్రమే కాదు, మనది కూడా. బాగా పెంచేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను చూసి నేర్చుకోవచ్చు. కానీ కొన్నది బల్లా కుర్చీ కాదు, ప్రాణం. ఉప్పునీటి తొట్టె మీద అంత మక్కువ ఉంటే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. వాటిని పెంచే విధానాన్ని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది. దుకాణంవాడు ఇచ్చిందల్లా తేకండి. పగడాలు, సముద్రపు గుర్రాలు, జెయింట్ గ్రూపర్ చేప 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడు పసుపు నలుపు మచ్చలతో ముద్దొచ్చే ఆ గ్రూపర్ రెండు మీటర్లు దాటి పెరుగుతుంది.

కాబట్టి అన్నలారా, తమ్ముళ్ళారా! ఏ చేపనైనా కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఎంత పెరుగుతుంది? ఏం తింటుంది? ఎన్నాళ్ళు బ్రతుకుతుంది? మనం ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారు? ఈ నాలుగింటికీ జవాబుంటే తెచ్చుకుందాం, చివరిదాకా సాకుదాం. లేకపోతే దుకాణం అద్దం ముందు నిలబడి తనివితీరా చూసి, చేతులు ఊపుకుంటూ ఇంటికి వద్దాం. చూసి ఆనందించడానికి సొంతం చేసుకోనక్కర్లేదు.