చేతిపనుల పుట: సైన్యం వుంది, ఊరు లేదు



ఈ నెల వెదురుబుట్ట అల్లటం నేర్చుకుందామని పోయిన సంచికలో చెప్పుకున్నాం. ఇంతలో తాడేపల్లినుంచి ఇద్దరు అన్నదమ్ములు ఒక ఉత్తరం రాశారు. అది చదివిన తరువాత బుట్టను వచ్చే నెలకు వాయిదా వెయ్యక తప్పింది కాదు.

ఆ పిల్లలు బల్లమీద పల్నాటి యుద్ధం ఆట తయారుచేసుకున్నారు. పాత దుప్పటి పరచి, దాని అడుగున పుస్తకాలు పెట్టి గుట్టలు చేశారు. నీలం కాగితంతో నాగులేరు పారించారు. అట్టతో నాలుగు గుడిసెలు కట్టారు. బజారులో పొట్లంగా అమ్మే చిన్న ప్లాస్టిక్ సిపాయిలను కొని, వాళ్ళ చేతుల్లో తుపాకులు కోసేసి, ఈనెపుల్లలతో బల్లేలు అతికించారు. (తుపాకులు తియ్యాలని తోచినందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. పల్నాటి వీరులకు తుపాకి అంటే ఏమిటో తెలియదు.) గురజాల సైన్యం ఒక పక్కన, మాచర్ల సైన్యం ఒక పక్కన నిలబడ్డాయి. సరిగా అప్పుడు వాళ్ళ చెల్లెలు వచ్చి గుడిసెలకేసి చూసి, "ఈ ఇళ్ళల్లో వాళ్ళంతా ఏరీ?" అని అడిగిందట. అన్నలు పరుగున పోయి అలమారలోని కొండపల్లి బొమ్మలు తెచ్చి పెట్టారు. తీరా చూస్తే, రోకలి పట్టుకున్న ఆవిడ మోకాటికి కూడా రాలేదు వీరులు! "మా సైన్యానికి సరిపడే ఊరివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?" అన్నది వాళ్ళ ప్రశ్న.

చెల్లెలి ప్రశ్న ఇంకా మంచిది. పల్నాటి కథ విన్నవారికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర జరిగిందని చెప్పే ఆ యుద్ధంలోకి బాలచంద్రుడు ఎలా వచ్చాడు? అతను తోటివాళ్ళతో బొంగరాలాడుకుంటున్నాడు. బొంగరం ఎగిరి అన్నమ్మ అనే కోమటివారి అమ్మాయి కాలికి తగిలింది. అవతల తనవాళ్ళు యుద్ధానికి పోతే ఇక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆమె దెప్పిపొడిచింది. ఆ మాటమీద కుర్రవాడు యుద్ధానికి బయలుదేరాడు. అన్నమ్మ చేతిలో కత్తి లేదు, కాని ఆమె లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. పశువుల మందలమీద దాడి కూడా ఆ కథలో వస్తుంది, కనుక కాపరులు కావాలి. అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించిన చాపకూడు వుంది. దానికి తినేవాళ్ళూ కావాలి, వండేవాళ్ళూ కావాలి. బల్లమీద వీరులు మాత్రమే వుంటే, అది పల్నాడు ఎలా అవుతుంది?

ఈ ఇబ్బంది తాడేపల్లి పిల్లలకే వచ్చింది కాదు. ఇంగ్లండులో హెచ్. జి. వెల్సు అనే గొప్ప రచయిత వుండేవాడు. కాలయంత్రంమీద కథ రాసినవాడు ఆయనే. ఆయనకు ఇద్దరు కొడుకులు. వాళ్ళతో కలిసి నేలమీద బొమ్మల ఊళ్ళు కట్టి ఆడేవాడు. ఆ ఆటలగురించి 1911లో ఒక చిన్న పుస్తకం, బొమ్మ సైనికుల యుద్ధాలగురించి 1913లో ఇంకొక పుస్తకం రాశాడు. బల్లమీద ఆడే యుద్ధాల ఆటకు ఈ రెండో పుస్తకం చాలా పేరు తెచ్చింది. అయితే మొదటి పుస్తకంలోనే ఆయన గట్టిగా మొరపెట్టుకున్నాడు: దుకాణాల్లో ఎక్కడ చూసినా సైనికులే, మామూలు జనం బొమ్మలు దొరకవు, మాంసం కొట్టువాడూ, రొట్టెలవాడూ, వర్తకులూ, ఒక న్యాయాధిపతీ, వకీళ్ళూ పెట్టెల్లో పెట్టి అమ్మితే ఎంత బాగుండును అని! 1914లో నిజమైన మహాయుద్ధం వచ్చింది. అది ముగిసిన తరువాత, 1920లలో, సైనికుల బొమ్మలకు పేరుపడ్డ బ్రిటన్స్ కంపెనీవారే రైతులనూ, ఆవులనూ, పందులనూ సీసంతో పోతపోసి అమ్మారు.

వెల్సుగారికన్నా మనం అదృష్టవంతులం. తాడేపల్లినుంచి ప్రకాశం బ్యారేజి దాటి బెజవాడ మీదుగా పోతే కొండపల్లి ఎంతో దూరం లేదు. అక్కడ వ్యవహారం తలకిందులు: సైనికులకన్నా ఊరివాళ్ళే ఎక్కువ. దంచేవారు, చల్ల చిలికేవారు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి తోలే రైతు. తెల్లపొణికి అనే తేలిక కొయ్యను ఆరబెట్టి, సెగ చూపి, తల వేరుగా, చేతులు వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికిస్తారు. ఆపైన సున్నం పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. పొణికి చెట్లు అడవిలో తగ్గిపోవటం ఆ పనివారికి ఇప్పుడు పెద్ద బెంగ.

మరి ఆ బొమ్మలు మన సైన్యం పక్కన ఎందుకు ఇమడవు? వాళ్ళు చెక్కేది కొలువుకోసం. సంక్రాంతికి మీరు బొమ్మల కొలువు పెడతారు కదా. అందులో బెత్తెడు ఏనుగు పక్కన మూరెడు సెట్టిగారు కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. తాడేపల్లి పక్కనే వున్న ఉండవల్లి గుహలకు పోయి చూడండి. పడుకుని వున్న అనంతశయనుడు పదిహేను అడుగులకు పైనే వుంటాడు, చుట్టూ చెక్కిన మిగతావారు ఆయనకన్నా బాగా చిన్నవారు. శిల్పి అక్కడ గౌరవాన్నిబట్టి కొలిచాడు. బల్లమీది ఆటలో మనం అడుగుబద్దతో కొలవాలి.

కొలవటం ఎలాగో చెబుతాను, బలపం తీసుకోండి. పొట్లాల్లో దొరికే చిన్న సిపాయిలు చాలామట్టుకు నిజమైన మనిషిలో 72వ వంతు. మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు అనుకుందాం, అంటే 1650 మిల్లీమీటర్లు. దాన్ని 72తో భాగిస్తే 23 మిల్లీమీటర్లు వస్తుంది. మీ బొమ్మ అంత వున్నదో లేదో చూడాలి. తలపాగా, కొప్పు, శిరస్త్రాణం కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. అందుకని ఈ ఆట బాగా ఆడేవారు చాలామంది అరికాలినుంచి కంటివరకే కొలుస్తారు. అడుగున వున్న దిమ్మను లెక్కలోకి తీసుకోరు. మన బొమ్మకు కంటివరకు సుమారు 21 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా బెంగపడకండి. మన ఇళ్ళల్లో మాత్రం అందరం ఒకే ఎత్తు వున్నామా? ఎత్తుకన్నా తలకాయలూ చేతులూ చూసుకోవటం ముఖ్యం. పొడుగు సరిపోయినా ఒకడి తల గుమ్మడికాయంత, పక్కవాడిది నిమ్మకాయంత వుంటే కన్ను ఊరుకోదు.

విదేశాలలో మామూలు జనం బొమ్మలు ఎక్కువగా తయారయ్యేది బొమ్మ రైళ్ళకోసం. స్టేషను కడితే ప్రయాణికులూ కూలీలూ వుండాలి కదా! 1949లో మొదలయిన జర్మనీ కంపెనీ ప్రైజర్‌వారు అలాంటి జనాన్ని లెక్కలేనన్ని రకాలుగా చేశారు. కాని ఆ రైళ్ళ కొలత 87వ వంతు. మనిషి 19 మిల్లీమీటర్లే వస్తాడు. ఇంగ్లండు రైళ్ళది 76వ వంతు. ఈ రెండు కొలతల పేర్లూ ఒకే పెట్టెమీద కలిపి అచ్చువేసిన కంపెనీలు కూడా వున్నాయి, కనుక పెట్టెమీది రాతను నమ్మకుండా అడుగుబద్దను నమ్మండి. అలాంటి 19 మిల్లీమీటర్ల మనిషి ఎవరిదగ్గరన్నా దొరికితే పారెయ్యకండి. 19ని 72తో హెచ్చవేస్తే 137 సెంటీమీటర్లు. మీ పల్నాటి ఊళ్ళో అతను పదేళ్ళ కుర్రవాడుగా పనికివస్తాడు! మీసాలుంటే మాత్రం గీకెయ్యాలి. కోటు, టోపీ తీసెయ్యటం ఇంకా పెద్ద పని.

ఇంత తంటా ఎందుకు, మనమే చేసుకుందాం. కొండపల్లివారి మక్కు మనకూ వస్తుంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే మంచి జిగురు. అందులో సన్నని రంపపు పొట్టు కలపండి. అగ్గిపుల్లకు మందు తల తీసేసి, సగానికి కొంచెం తక్కువగా, 19 మిల్లీమీటర్లు కొయ్యండి. అదే ఒళ్ళు. మగవాడికి రెండు పుల్లలు పక్కపక్కన పెడితే కాళ్ళు కూడా వచ్చినట్టే. ఆడమనిషికి ఒక పుల్ల చాలు. ఆవగింజకు మక్కు పూసి పైన అతికిస్తే తల. చేతులకు కొబ్బరి ఈనె ముక్కలు. పల్చని కాగితం పట్టీలు జిగురులో ముంచి చుట్టితే పంచె, చీరె, తలపాగా. ఆరిన తరువాత సున్నానికి బదులు తెల్ల రంగు పూసి, దానిమీద మిగతా రంగులు వెయ్యండి. (అమ్మలకూ నాన్నలకూ ఒక మాట: పుల్లలు కోసేటప్పుడు బ్లేడు మీ చేతిలో వుండాలి. జిగురు పొయ్యిమీద వున్నప్పుడు కూడా పక్కనే వుండండి.)

సామాను సంగతి వింటే మీకు నవ్వు వస్తుంది. మిరియపు గింజ ఒకటి నాలుగు మిల్లీమీటర్లు వుంటుంది. దాన్ని 72తో హెచ్చవేయండి. 29 సెంటీమీటర్లు, సరిగా నీళ్ళ బిందె! ఆవగింజ చెంబు అవుతుంది. వంటింట్లో పోపులపెట్టె తెరిస్తే ఊరికి కావలసిన కుండలన్నీ అందులోనే వున్నాయి. ఒంగోలు గిత్త మూపు దగ్గర 150 సెంటీమీటర్లు అనుకుంటే బల్లమీద 21 మిల్లీమీటర్లు, అంటే మన బొమ్మమనిషి కళ్ళదాకా వస్తుంది. ప్లాస్టిక్ ఆవులు దొరికితే వాడుకోవచ్చు, కాని అవి చాలావరకు దొరల ఆవులు, మూపురం వుండదు. కాస్త మక్కుతో మూపురం, మెడకింద గంగడోలు పెడితే మన ఆవు అయిపోతుంది. తాటిచెట్టు దగ్గర మాత్రం లెక్క వదలండి. అరవై అడుగుల చెట్టు పాతిక సెంటీమీటర్లు రావాలి, చెయ్యి తగిలి పడిపోతూ వుంటుంది. సగం చెయ్యండి. కొండపల్లివారు కూడా చెట్టును పొట్టిగానే చేస్తారు.

కొలత కుదిరితే సరిపోదు, కాలం కూడా కుదరాలి. గుంటూరు పిల్లలు ఊరు కట్టగానే మొదట చేసే పని కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఆరబొయ్యటం. ఆ ఎర్ర రంగు తుడిచెయ్యండి! మిరప అమెరికా ఖండపు పంట. వాస్కో డ గామా మన పడమటి తీరానికి వచ్చింది 1498లో. ఆ తరువాతనే పోర్చుగీసులద్వారా మిరప మన దేశంలో అడుగుపెట్టింది. బాలచంద్రుడు తిన్న కూరలో కారం మిరియాలది. పొగాకు, మొక్కజొన్న, వేరుసెనగ, టమాటా కూడా అంతే. మరి ఏం పెట్టాలి? జొన్న కంకులు పెట్టవచ్చు. పత్తి మన దేశంలో ఎంతో పాతది, కనుక దూది కొంచెం తీసి కుప్ప పొయ్యండి. దాని పక్కన ఒక ముసలమ్మను కూర్చోబెట్టండి. ఆమె చేతికి రాట్నంకన్నా కదురు ఇవ్వటం క్షేమం. బట్టలూ తిండీగురించి ఇంకా తెలుసుకోవాలంటే సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మీ గ్రంథాలయంలో అడగండి. 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం అది. మీకు కష్టమనిపిస్తే నాన్నగారిచేత చదివించుకోండి.

సైనికులకూ ఊరివాళ్ళకూ అడుగున ఒకే మందం అట్టముక్క అతికించి, దానిమీద ఒకే కృష్ణ ఇసుక చల్లండి. వేరువేరు చోట్లనుంచి వచ్చిన బొమ్మలు ఒకే నేలమీదివిగా కనిపించటానికి ఇంతకన్నా చవక ఉపాయం లేదు.

ఇక ఆట. ఊరివాళ్ళను ఊరికే అలంకారానికి నిలబెట్టటం నాకు ఇష్టం లేదు. వాళ్ళకు కూడా ఒక వంతు ఇవ్వండి. ప్రతి వరుసలోనూ ముందు వాళ్ళే కదలాలి, ఒక్కొక్కరు బెత్తెడు దూరం, గుడికో గుట్టకో. వాళ్ళు దారిలో వుండగా ఏ సైన్యమూ వాళ్ళను దాటిపోరాదు, ఒక వరుస ఆగాలి. మందను పట్టుకున్న పక్షం దాన్ని తోలుకుంటూ సగం వేగంతోనే నడవాలి. ఆట అయిన తరువాత పడిపోయిన సైనికులను లెక్కపెట్టే ముందు ఊళ్ళో నిలబడి వున్నవాళ్ళను లెక్కపెట్టండి. ఎవరివల్ల ఒక కుండ పగిలినా వాళ్ళకు ఒక మార్కు తగ్గించండి, ఒక మనిషి పడితే అయిదు. ఊరివాళ్ళను కదిపే పని ఎవరిదని అడుగుతారా? ప్రశ్న అడిగిన చెల్లెలిదే.

ఆ పిల్ల ఎలా ఆడిందో ఉత్తరం రాయండి. వెదురుబుట్ట వచ్చే నెల తప్పకుండా. బద్దలు ఇప్పుడే నానబెట్టకండి, అప్పటికి కుళ్ళిపోతాయి.