వేషం వద్దన్న హీరో

1968లో వచ్చిన ‘ది ఆడ్ కపుల్’ చూశారా? అందులో వాల్టర్ మాథావ్ ఆటల విలేఖరి. మ్యాచ్ మంచి రసపట్టులో ఉండగా ఫోన్ మోగుతుంది. “రాత్రికి ఇంట్లో వండుతున్నా, అక్కడ ఏమీ తినకు” అని స్నేహితుడి గోల! అతను అటు తిరగ్గానే ఇటు మైదానంలో ఒకే బంతికి ముగ్గురు అవుట్. చూడాల్సినవాడు తప్ప అందరూ చూశారు!

ఆ బంతి కొట్టే వేషానికి మొదట అడిగింది రాబర్టో క్లెమెంటేని. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఛాన్సు ఆయన టీములోనే ఉన్న బిల్ మాజెరోస్కీకి పోయింది. తెర మీద ఒక్క క్షణం కనిపిస్తే చాలనుకునేవాళ్ళున్న లోకంలో ఈయన తీరే వేరు లెండి!

ఎవరీ క్లెమెంటే అంటారా? ప్యూర్టోరికో దీవిలో కరోలీనా అనే ఊళ్ళో 1934లో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకి 18 సీజన్లు బేస్‌బాల్ ఆడాడు. 1972 సెప్టెంబర్ 30న 3,000వ హిట్ కొట్టాడు. లీగ్ ఆటల్లో అదే ఆఖరిదని అప్పుడెవరికి తెలుసు?

అదే ఏడు డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం. క్లెమెంటే సరుకులు పోగుచేసి పంపించాడు. మధ్యలో సైనికులే నొక్కేస్తున్నారని కబురు. తనే వెంట వెళ్తే తప్ప బాధితులకి చేరవనుకుని, డిసెంబర్ 31 రాత్రి మోయలేనంత బరువెత్తుకున్న ఓ పాత విమానం ఎక్కాడు. లేచిన కాసేపటికే అది సముద్రంలో కూలింది. శవం కూడా దొరకలేదు. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు.

భార్య వేరా, ముగ్గురు చిన్న కొడుకులు మిగిలారు. ఆయన కల ఒకటీ మిగిలింది. బీదపిల్లలు ఆడుకోవడానికి, ఆటలు నేర్చుకోవడానికి ఓ క్రీడానగరం కట్టాలని! ప్రభుత్వం కరోలీనాలో 304 ఎకరాలిచ్చింది. చాలామటుకు బురదనేల. వేరా పట్టు వదల్లేదు. ఆమె నిలబెట్టిన ఆ మైదానాల్లో ఆడిన కుర్రాళ్ళలో రూబెన్ సియెర్రా, హువాన్ గొంజాలెస్, ఇవాన్ రోడ్రిగెజ్ పెద్ద లీగుల్లో స్టార్లయ్యారు. రోడ్రిగెజ్‌ని 2017లో, క్లెమెంటే పేరున్న ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకే తీసుకున్నారు!

పిట్స్‌బర్గ్‌లో 1994లో క్లెమెంటే విగ్రహమూ పెట్టారు. విగ్రహంతో వచ్చే చిక్కేముంది, ఏడాదికోసారి కడిగి దండేస్తే సరి! మైదానం అలా ఊరుకోదే. గడ్డి కొయ్యాలి, దీపాలు వెలగాలి, కోచ్‌కి జీతమివ్వాలి. చనిపోయినవాడి మీద ప్రేమ ఎంతున్నా నెల తిరిగేసరికి బిల్లు వస్తూనే ఉంటుంది. తర్వాతి ఏళ్ళలో క్రీడానగరానికి డబ్బు చాల్లేదు. పిల్లలు పరుగెత్తిన మైదానాలు కొన్ని పిచ్చిమొక్కల పాలయ్యాయి. ఆయన పోయిన దాదాపు 47 ఏళ్ళకి, 2019 నవంబర్‌లో, వేరా కూడా కన్నుమూసింది.