హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తెలివి పెరుగుతుందా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేస్తే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. కానీ అంతకంటే ముందు మీకు చెప్పవలసిన విషయం ఒకటుంది. చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా మీలో ఒక్కరి డబ్బు మిగిలినా చాలని రాస్తున్నాను.

మిత్రులారా! డిగ్రీ అయిపోగానే మనలో చాలామంది బ్యాగు సర్దుకుని దిగేది అమీర్‌పేటలోనే. మైత్రీవనం ముందు పది అడుగులు వేసేసరికి చేతిలో పది పాంప్లెట్లు పడతాయి. జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లీష్, గ్రూప్స్, బ్యాంక్ కోచింగ్. వాటి మధ్యలో ఇంకో రకం కాగితం కూడా ఉంటుంది. "21 రోజుల్లో మూడింతల జ్ఞాపకశక్తి", "నిద్రలోనే నేర్చుకోండి", "మీ మెదడులో 90 శాతం నిద్రపోతోంది, మేల్కొలపండి" అని. మన సీనియర్ల కాలంలో ఇది క్యాసెట్‌గా వచ్చింది, తర్వాత సీడీ అయ్యింది, ఇప్పుడు నేరుగా ఫోన్‌లోకే వస్తోంది. రూపం మారింది గానీ మాట మారలేదు.

డిగ్రీ పూర్తయిన వేసవిలో అలాంటి కాగితం ఒకటి పట్టుకుని పంజాగుట్టలో ఒక ఆఫీసు మెట్లెక్కాను. కౌంటర్లో ఉన్నాయన మొదట అడిగింది ఒకటే: "తమ్ముడూ, మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" లేరన్నాను. "అదీ సంగతి. చిన్నప్పుడు నీ మెదడుకు ట్రైనింగ్ లేదు. ఈ ఆడియో ఆ లోటు తీరుస్తుంది" అన్నాడు. ఇంగ్లీష్ మీడియం పిల్లల పక్కన కూర్చున్న ప్రతిసారీ నాలో ఉండే భయానికే ఆ మాట తగిలింది. 2,400 రూపాయలు కట్టేశాను. అమ్మ పత్తి ఏరి దాచిపెట్టిన కూలి డబ్బులవి. తెలంగాణలో 2024లో పెంచిన తర్వాత కూడా కాలేజీ హాస్టల్ విద్యార్థికి నెలకు వచ్చే మెస్ ఛార్జీ 2,100 రూపాయలే. ఒక నెల తిండి కంటే ఎక్కువ పెట్టి నేను కొన్ని శబ్దాలు కొనుక్కున్నాను.

21 రాత్రులు విన్నాను. వాన చప్పుడు, దాని వెనుక గుయ్యిమనే ఏదో మోత. నిజం చెబుతున్నాను, పనిచేస్తున్నట్టే అనిపించింది. చదివింది బాగా గుర్తుంటోందని రూమ్‌లో అందరికీ చెప్పాను. నా మాట నమ్మి మన హాస్టల్ జూనియర్ ఒకడు అప్పు చేసి అదే కొన్నాడు. తర్వాత కోచింగ్‌లో పెట్టిన టెస్టులో నా మార్కులు అంతకుముందు ఎంతో అప్పుడూ అంతే. వాడివీ అంతే. అప్పుడు కూడా నేను ఆ ఆడియోను అనుమానించలేదు. నేనే సరిగ్గా వినలేదేమో, నా బుర్రే మొద్దేమో అనుకున్నాను. డబ్బు నష్టం కంటే పెద్ద నష్టం ఇదే.

మరి మొదట్లో పనిచేస్తున్నట్టు ఎందుకనిపించింది? జవాబు పీజీలో చేరాక లైబ్రరీలో దొరికింది. అమెరికాకు చెందిన ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1991లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. బజారులో అమ్మే క్యాసెట్లనే తీసుకున్నారు. కొన్ని జ్ఞాపకశక్తిని, కొన్ని ఆత్మగౌరవాన్ని పెంచుతాయని కంపెనీలు చెప్పుకున్నవి. సగం మందికి లేబుళ్ళు తారుమారు చేసి ఇచ్చారు. దాదాపు నెలరోజులు విన్నాక పరీక్షిస్తే, ఏ క్యాసెట్టూ తాను చెప్పిన పని చేయలేదని తేలింది. ఏది విన్నవాళ్ళకైనా స్కోరు ఒకేలా కాస్త పెరిగింది, క్యాసెట్ లోపల ఉన్నదానితో సంబంధం లేకుండా. కానీ మూడో వంతు కంటే ఎక్కువ మంది మాత్రం లేబుల్ మీద ఏది రాసి ఉందో సరిగ్గా అదే తమలో పెరిగిందని నమ్మారు! వాళ్ళకు అలా అనిపించేట్టు చేసింది క్యాసెట్ కాదు, దానికి అంటించిన కాగితం.

ఇది చదివాక నా జూనియర్ గుర్తొచ్చాడు. నేను వాడికి అబద్ధం చెప్పలేదు, నమ్మిందే చెప్పాను. అయినా నా మాట రుజువు కాదు. ప్రకటనల్లో "నాకు పనిచేసింది" అని చెప్పేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఎందరో ఉండొచ్చు.

కొందరు సైన్స్ పేరు చెబుతారు. మోజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందని సైంటిస్టులే తేల్చారంటారు. అసలు సంగతేమిటంటే, 1993లో కాలిఫోర్నియాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు ఆ సంగీతం వినిపించి, ఆకారాలను ఊహించే పరీక్ష ఒకటి పెట్టారు. స్కోరు పెరిగింది గానీ ఆ ప్రభావం పది, పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. పదిహేను నిమిషాల సంగతిని జీవితకాలానికి సాగదీసింది వ్యాపారం. రెండు చెవుల్లో కొంచెం తేడాగా ఉండే రెండు శబ్దాలు వినిపిస్తే మెదడు తరంగాలు మారతాయని ఇంకొందరంటారు. అలా వింటే మూడో మోత వినిపించే మాట నిజమే, జర్మన్ శాస్త్రవేత్త డోవ్ 19వ శతాబ్దంలోనే దాన్ని గుర్తించాడు. మెదడు తరంగాలు దానికి తగ్గట్టు మారతాయా అన్నదే ప్రశ్న. 2023లో 14 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే అయిదు అవునన్నాయి, ఎనిమిది కాదన్నాయి, ఒకటి ఎటూ తేల్చలేదు. శాస్త్రవేత్తలే తేల్చుకోలేని దాన్ని పాంప్లెట్ ఎలా తేల్చేసింది?

ఇక ఆ 90 శాతం మాట. అదే పంజాగుట్టలో నిమ్స్ ఆస్పత్రి ఉంది. అక్కడికి వచ్చే పక్షవాతం రోగులను చూడండి. మెదడులో ఒక చిన్న భాగానికి రక్తం ఆగినా మాట పోవచ్చు, కాలో చెయ్యో పడిపోవచ్చు. 90 శాతం ఊరికే పడి ఉంటే పదింట తొమ్మిది దెబ్బలకు మనిషికి ఏమీ కాకూడదు కదా!

"పోనీలే, పేద పిల్లవాడికి కాస్త ధైర్యం వస్తే తప్పేముంది?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ధైర్యం రావడం తప్పు కాదు. వాన చప్పుడు వింటే మనసు నెమ్మదిస్తుందంటే వినండి, అది ఉచితంగానే దొరుకుతుంది. కానీ ముందు "నీ మెదడులో లోటుంది" అని భయపెట్టి, తర్వాత ధైర్యం అమ్మడం ఏ రకం సాయం? ఫలితం రాకపోతే తప్పు మళ్ళీ మన మీదికే వస్తుంది.

అమెరికాలో మెదడుకు శిక్షణ ఇస్తామన్న లూమోసిటీ అనే సంస్థ తన ప్రకటనలకు తగిన ఆధారాలు లేవన్న ఆరోపణపై 2016లో ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. మన దేశంలోనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయవచ్చు. ఈ సంగతి ఆ రోజు నాకు తెలియదు. మీరు తెలుసుకోండి. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు పరీక్షించారు? ఇది వినని వాళ్ళతో పోల్చి చూశారా? ఫలితం రాకపోతే డబ్బు తిరిగిస్తామని రాసిస్తారా? జవాబు రాకపోతే మెట్లు దిగి వచ్చేయండి.

మరి జ్ఞాపకశక్తికి దారే లేదా? ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్ళకు వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకున్నవాళ్ళకు 56 శాతం గుర్తుంది. మన హాస్టల్ స్టడీ అవర్‌లో ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ మనం చేసింది ఇదే కదా! దానికి ఫీజు లేదు, హెడ్‌ఫోన్లు అక్కర్లేదు.

ఆ కౌంటర్లో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. మా అమ్మ చదువుకోలేదు. కానీ ఏ ఆసామి దగ్గర ఎన్ని రోజులు పనిచేసిందో, ఎవరెంత బాకీ ఉన్నారో కాగితం లేకుండా నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. ఆ తల్లి కడుపున పుట్టిన నా మెదడులో లోటుందని నమ్మి, ఆమె కూలి డబ్బులే తీసుకెళ్ళి ఇచ్చాను. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మనకు తక్కువైనవి పుస్తకాలు, మంచి టీచర్లు, చదువుకునే తీరిక. వాటి కోసం గట్టిగా అడుగుదాం. లేని లోటు తీర్చుకోవడానికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.